పెట్రోలా, డీజిలా, గ్యాసా? కారు కొనేముందు ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సిన లెక్క

వారానికి ఒక్కరైనా అడుగుతున్నారు. "అన్నా, కారు తీసుకుందామనుకుంటున్నా, ఏది మైలేజీ బాగా ఇస్తుంది?" నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తా. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? బండిలో కూర్చునేది ఎవరెవరు? మొదటిదానికి "బాగానే తిరుగుతాంలే" అంటారు, రెండోదానికి "అందరం" అంటారు. ఈ రెండు జవాబులు పట్టుకుని ఎవరికీ ఏ బండీ చెప్పలేం. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా, ఇకమీదట అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

మాది అనంతపురం. కర్నూలు, కడప వాళ్లు కిలోమీటర్లు మార్చుకుంటే చాలు. ఎండ ఒకటే, రోడ్లూ ఇంచుమించు అవే, పెట్రోల్ రేటు చూసి పడే బాధ కూడా అదే.

ముందు నా తప్పు చెప్పేస్తా. 2021లో "డీజిల్ అయితే మైలేజీ" అన్న ఒక్క మాట పట్టుకుని డీజిల్ బండి తీసుకున్నా. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి టవర్ క్లాక్ దాకా, మళ్లీ ఇంటికి. అంతా కలిపి పన్నెండు కిలోమీటర్లు. ఎనిమిది నెలలు తిరక్కుండానే మీటరు పక్కన పసుపు లైటు వెలిగింది. సర్వీసింగ్‌కి తీసుకెళ్తే, సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టర్‌లో మసి నిండింది, హైవే మీద అరగంట ఆపకుండా తోలుకురండి అన్నారు. ఆదివారం పొద్దున్నే గుత్తి దాకా పోయి వచ్చా. పనేం లేదు, మసి కాల్చడానికే! డీజిల్ మిగులుతుందని కొన్న బండికి నూరు కిలోమీటర్ల డీజిల్ ఊరికే పోశా. తర్వాత కూడా రెండు నెలలకోసారి అదే తంతు. బండి తప్పేం లేదు, నా వాడకానికి అది సరిపడదంతే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు గానీ ఇంట్లో అందరూ చూసి "ఇది మర్చిపోయావు" అనాలంటే కాగితమే మేలు.
- కొలత టేపు.
- పోయిన ఏడాది మీరు చేసిన ప్రయాణాల జాబితా. గుర్తు లేకపోతే ఫోన్‌లో ఫొటోలు వెనక్కి తిప్పండి, ఏ నెలలో ఎక్కడికి పోయారో అన్నీ బయటపడతాయి.
- మీ బంకు బోర్డు మీద ఇవాళ్టి రేట్లు.
- షోరూం నుంచి కాగితం మీద రాయించుకున్న ఆన్ రోడ్ ధరలు (ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపినవి), ఒకే మోడల్‌లో పెట్రోల్, డీజిల్, గ్యాస్ మూడింటివీ.
- ఇంటి కరెంటు బిల్లు, ఎలక్ట్రిక్ బండి ఆలోచన ఉంటేనే.

1. నెలకి ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద పెట్టండి

ఇది తేలకుండా రెండో మెట్టుకి పోవద్దు. మా ఇంటి లెక్క ఇలా వచ్చింది:

టౌన్‌లో రోజుకి 12 కిలోమీటర్లు, 25 రోజులకి 300. తాడిపత్రి వైపు మా ఊరికి నెలకి రెండుసార్లు, రానూపోనూ దాదాపు 110 చొప్పున 220. బెంగళూరుకి రెండు నెలలకోసారి, రానూపోనూ 430, అంటే నెలకి 215. ఏడాదికోసారి తిరుపతి, 550 వేసుకున్నా నెలకి 45. మొత్తం 780. ఎనిమిది వందలు అనుకుందాం.

ఈ లెక్క వేసేదాకా నేను నెలకి 1,500 తిరుగుతున్నా అనుకునేవాణ్ని. అందరికీ ఇదే భ్రమ. పోయిన వేసవిలో ఒక్క నెలలో శ్రీశైలం, మంత్రాలయం, పెళ్లి, అన్నీ కలిసొస్తే ఆ నెలే మనసులో ఉండిపోతుంది. మిగతా పదకొండు నెలలు బండి ఇంటి ముందు దుమ్ము తింటూ ఉంటుంది.

ఇందులోనే ఇంకో గీత గీయండి. టౌన్ ఎంత, హైవే ఎంత? నాది 300 టౌన్, 480 బయట. తర్వాత డీజిల్ దగ్గర ఈ గీత పనికొస్తుంది.

సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ఇప్పటికే పాత కారు ఉంటే సర్వీసింగ్ బిల్లుల మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి. రెండు బిల్లుల మధ్య తేడాని నెలలతో భాగించండి. మీ కాగితం అంకెకి, దీనికి మధ్య పెద్ద తేడా వస్తే బిల్లునే నమ్మండి. బిల్లుకి బడాయి ఉండదు.

2. ఎవరు, ఎక్కడ కూర్చుంటారో రాయండి

"ఐదుగురం" అని రాస్తే సరిపోదు. పేరు, వయసు, బండిలో సీటు, ఇబ్బంది, ఇవి రాయండి. మా ఇంట్లో నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల అమ్మాయి, అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. పదిహేను లక్షల బండ్లలో సగం ఆ ఒక్క మాటతోనే జాబితా నుంచి పోయాయి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇలా చూడండి. ఇంట్లో వాళ్లు రోజూ కూర్చునే కుర్చీ ఎత్తు కొలవండి. మా అమ్మ ప్లాస్టిక్ కుర్చీ 17 అంగుళాలు. షోరూంలో నేల నుంచి వెనక సీటు అంచు దాకా కొలవండి. కుర్చీ కంటే నాలుగైదు అంగుళాలు ఎక్కువైనా పరవాలేదు, పక్కకి తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టేసుకుంటారు. మరీ కిందికుంటే లేవడానికి ఒకరు చెయ్యి పట్టాలి. మరీ ఎత్తుంటే చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కాలి, అది నరకం. కాలు పెట్టే గడప వెడల్పు కూడా చూడండి. కొన్ని బండ్లలో గడప ఎంత లావుగా ఉంటుందంటే దిగేటప్పుడు పిక్క దానికి ఒరుసుకుంటుంది. అమ్మని షోరూంకి తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కించి దించా. సేల్స్‌మన్ విసుక్కున్నాడు, నేను పట్టించుకోలేదు. "ఎక్కడం బాగుంది నాయనా, దిగేటప్పుడే సచ్చిపోతాండా" అని ఓ పెద్ద బండి దగ్గర తేల్చేసింది.

పిల్లల విషయంలో ఐదేళ్లు ముందుకి చూడండి, పదిహేనేళ్లు వద్దు. ఎనిమిదేళ్ల అమ్మాయి ఇవాళ మధ్య సీట్లో ఇమిడిపోతుంది, పదమూడొస్తే పెద్దమనిషి లెక్కే. అప్పుడు ఇద్దరి మధ్య మా అమ్మ కూర్చోవాలి. అందుకే వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లని భుజం భుజం ఆనించి కూర్చోబెట్టి చూడాలి. మధ్యలో నేల మీద ఉబ్బు ఎంతుంది, మధ్యవాళ్లకి తల ఆనించుకునే దిండు, భుజం మీదుగా వచ్చే బెల్టు ఉన్నాయా లేదా అన్నది తప్పనిసరిగా చూడండి. చిన్నపిల్లలుంటే చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయేమో అడగండి. భారత్ ఎన్‌క్యాప్ అని 2023 అక్టోబర్ నుంచి మన దగ్గరే క్రాష్ టెస్టులు చేసి స్టార్లు ఇస్తున్నారు. మీరు కొనే మోడల్‌కి స్టార్లు వచ్చాయా, పిల్లల భద్రతకి ఎన్ని వచ్చాయో విడిగా చూడండి.

వెనక ఏసీ గాలి వచ్చే రంధ్రాలు మన ప్రాంతంలో సోకు కాదు, అవసరం. మే నెలలో మధ్యాహ్నం కర్నూలు నుంచి నంద్యాల దాకా వెనక సీట్లో కూర్చుని చూడండి, నేను చెప్పక్కర్లేదు. సన్‌రూఫ్ మాత్రం... 43 డిగ్రీల ఎండలో నెత్తిన అద్దం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పిల్లలు అడుగుతారు, నిజమే. అందులోంచి తల బయటపెట్టి నిలబడితే ఎంత ప్రమాదమో వాళ్లకి మనమే చెప్పాలి.

ఏడు సీట్ల ఆశ

ఇది విడిగా చెప్పాలి, ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. "పండక్కి చెల్లెలు వాళ్లు వస్తారు, అందరం ఒకే బండిలో పోవచ్చు." ఏడాదికి అలాంటి రోజులు ఎన్నో లెక్కపెట్టండి. మాకు ఆరు వచ్చాయి. ఆ ఆరు రోజులకి స్టాండులో ఏడు సీట్ల బండి బాడుగకి మాట్లాడితే ఎంతవుతుందో అడగండి, దాన్ని ఐదేళ్లకి హెచ్చవేయండి, రెండు బండ్ల ధర తేడా పక్కన పెట్టి చూడండి. మా లెక్కలో బాడుగే చౌక.

ఇంట్లో రోజూ ఆరుగురు ఏడుగురు ఉంటే అది వేరే మాట, అప్పుడు తీసుకోవాల్సిందే. అయితే ఒక్కటి చూడండి. మూడో వరస సీట్లు లేపి, ఆ తర్వాత డిక్కీ తెరవండి. షోరూంలో ఆ సీట్లు మడిచేసి "చూడండి సార్ ఎంత జాగా" అంటారు. లేపితే రెండు సంచులు పట్టడమే గగనం. ఏడుగురు తిరుపతి పోతే ఏడుగురి సామాను ఎక్కడ? పైన క్యారియర్ వేస్తే గాలి తట్టుకుని మైలేజీ ఇంకా పడుతుంది.

3. కిలోమీటరుకి ఎంత పడుతుందో తేల్చండి

కంపెనీ చెప్పే మైలేజీలో నాలుగింట మూడు వంతులే వేసుకోండి. వాళ్లది ల్యాబ్‌లో చేసిన పరీక్ష. మనది ఏసీ, స్పీడ్ బ్రేకర్లు, గేదెలు అడ్డం వచ్చే రోడ్డు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానివల్ల కూడా కొంత తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన సెకండ్ హ్యాండ్ పెట్రోల్ బండి చూస్తుంటే ఇంకాస్త ఎక్కువ తగ్గించుకోండి.

లెక్క కోసం పెట్రోల్ 110, డీజిల్ 98, గ్యాస్ కిలో 95 అనుకుందాం. మీరు మీ బంకు అంకె పెట్టుకోండి.

- పెట్రోల్: కంపెనీ 20 అంటే మనకి 15. 110ని 15తో భాగిస్తే కిలోమీటరుకి 7 రూపాయల 33 పైసలు.
- డీజిల్: కంపెనీ 24 అంటే మనకి 18. కిలోమీటరుకి 5.44.
- గ్యాస్, అంటే సీఎన్‌జీ: కంపెనీ కిలోకి 28 అంటే మనకి 21. కిలోమీటరుకి 4.52.
- ఎలక్ట్రిక్: యూనిట్‌కి 7 కిలోమీటర్లు, యూనిట్ 9 రూపాయలు అనుకుంటే రూపాయిన్నర లోపే.

నెలకి 800 కిలోమీటర్లకి పెట్రోల్ దాదాపు 5,870, డీజిల్ 4,350, గ్యాస్ 3,620, కరెంటు పన్నెండు వందల లోపు.

ఇక్కడ ఆగిపోయి "అయితే డీజిలే" అనేస్తారు చాలామంది. నేనూ అక్కడే ఆగిపోయా.

ఒక మాట మధ్యలో. మన రాష్ట్రంలో వ్యాట్, అంటే పెట్రోల్ మీద రాష్ట్రం వేసే పన్ను, ఎక్కువ కాబట్టి సరిహద్దు దాటితే పెట్రోల్ చౌక. మా వాళ్లు బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బాగేపల్లి దగ్గర, బళ్లారి పోయినప్పుడు అక్కడా ట్యాంక్ నింపుకుని వస్తారు. ఆదోని, మంత్రాలయం వాళ్లకి రాయచూరు వైపు, కర్నూలు వాళ్లకి తుంగభద్ర దాటితే తెలంగాణ. ఎలాగూ ఆ దారిలో పోతుంటే పట్టించుకోండి. నలభై లీటర్లకి లీటరు మీద ఆరు రూపాయలు మిగిలినా 240. దానికోసం పనిగట్టుకుని పోతే దారిలోనే ఖర్చైపోతుంది. లెక్కలో మాత్రం మన రేటే వేసుకోండి.

4. ఎక్కువ పెట్టిన డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది?

ఒకే మోడల్‌లో పెట్రోల్‌కి, డీజిల్‌కి ఆన్ రోడ్ తేడా లక్షన్నర అనుకుందాం. కిలోమీటరు మీద మిగిలేది 7.33లోంచి 5.44 తీసేస్తే 1.89. లక్షన్నరని 1.89తో భాగించండి. 79 వేల కిలోమీటర్ల పైచిలుకు. నెలకి 800 తిరిగే నాకు ఎనిమిదేళ్ల పైన పడుతుంది, అప్పటికి బండి అమ్మేసే వయసొస్తుంది. అదే నెలకి 2,000 తిరిగేవాళ్లకి మూడేళ్ల నాలుగు నెలలు. అదే బండి, ఆయనకి లాభం, నాకు నష్టం.

గ్యాస్‌కి తేడా 95 వేలు అనుకుంటే, మిగిలేది 2.81. భాగిస్తే 34 వేల కిలోమీటర్లు. నెలకి 800కి మూడున్నరేళ్లు.

నా కొలమానం చెప్తా, నచ్చితే తీసుకోండి. పెట్టింది నాలుగేళ్లలో తిరిగి రాకపోతే పెట్రోలే తీసుకోవడం మేలు. మిగిలిన లక్షన్నర అప్పు తక్కువ తీసుకున్నట్టే, దాని మీద వడ్డీ కూడా ఉండదు.

పాత ధరలతో ఈ లెక్క వేయొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్, సీఎన్‌జీ అయితే ఇంజన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం, అది దాటితే 40 శాతం. ఎలక్ట్రిక్‌కి 5 శాతమే. ఎవరో రెండేళ్ల కింద చెప్పిన "తేడా రెండు లక్షలు" ఇప్పుడు పనికిరాదు.

5. లెక్కలో కనబడని ఇబ్బందులు

డీజిల్: 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాయి కాబట్టి మసి ఫిల్టర్ తప్పదు. రోజూ ఐదారు కిలోమీటర్లు తిప్పి ఆపేసే ఇంటికి డీజిల్ తీసుకోవద్దు. మొదటి మెట్టులో గీసిన గీత చూడండి, హైవే సగానికంటే బాగా ఎక్కువ ఉండి, నెలకి 1,800 దాటితే అప్పుడు ఆలోచించండి. కొన్ని డీజిల్ బండ్లకి యూరియా ద్రావణం కూడా పోస్తుండాలి, అడిగి తెలుసుకోండి.

గ్యాస్: ముందు మీ ఇంటికి బంకు ఎంత దూరమో చూడండి. తర్వాత సాయంత్రం ఆరింటికి ఒకసారి పోయి వరస చూడండి, ఆటోల వెనక ఎంతసేపు నిలబడాలో తెలుస్తుంది. మీరు ఎక్కువగా పోయే దారిలో ఎక్కడెక్కడ బంకులున్నాయో కూడా చూసుకోండి. ఎండాకాలంలో గ్యాస్ వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్‌లో కొంచెం తక్కువే పడుతుంది. డిక్కీ సగం పోతుంది. ఊరి నుంచి చెనక్కాయల మూట, బియ్యం సంచి, మామిడికాయల బుట్ట తెచ్చుకునే ఇల్లు అయితే ఇదే పెద్ద చిక్కు. టాటా వాళ్ల కొన్ని బండ్లలో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి కింద అమర్చి కొంత జాగా మిగిల్చారు, అలాంటిది చూసుకోవచ్చు. బయట కిట్టు వేయిస్తే వారంటీ సంగతి ముందే కనుక్కోండి, ఆర్సీలో ఎక్కించండి, ఇన్సూరెన్స్‌కి చెప్పండి. సిలిండర్‌కి మూడేళ్లకోసారి ప్రెజర్ టెస్టు చేయించాలి, చాలామంది మర్చిపోతారు.

ఎలక్ట్రిక్: సొంత ఇల్లు, సొంత మీటరు, బండి పెట్టే జాగాలో 15 ఆంపియర్ల ప్లగ్గు, ఈ మూడూ ఉంటేనే. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి, తర్వాత గొడవలొద్దు. మన కరెంటు బిల్లు స్లాబుల మీద నడుస్తుంది, బండి వచ్చాక యూనిట్లు పెరిగి పై స్లాబులోకి పోతారు, అందుకే నేను 9 రూపాయలు వేశా. కరెంటు ఆఫీసులో లోడ్ పెంచుకోవాల్సి వస్తుందేమో కనుక్కోండి. కంపెనీ చెప్పిన దూరంలో డెబ్బై శాతం వేసుకోండి. చిన్న బ్యాటరీ బండితో అనంతపురం నుంచి బెంగళూరు 215 కిలోమీటర్లు ఏసీ వేసుకుని పోవాలంటే దారిలో ఆగి ఛార్జింగ్ ఎక్కించుకోవాల్సిందే. ఇంట్లో రెండో బండిగా, టౌన్ తిరగడానికి అయితే దీన్ని మించింది లేదు.

6. ఇంటి గేటు, వీధి, ఊరి రోడ్డు

టేపు తీసుకుని గేటు కొలవండి. కంపెనీ కాగితంలో రాసే వెడల్పులో అద్దాలు కలవవు. రెండు వైపులా అద్దాలు తెరిచి ఎంతో షోరూంలో మీరే కొలుచుకోండి. దానికి పైన రెండు వైపులా కలిపి ఒకటిన్నర అడుగు ఉండాలి, లేకపోతే రోజూ గీతలే. ఇంటి ముందు ర్యాంపు నిటారుగా ఉంటే బండి కడుపు తగులుతుంది. ఖాళీ బండి దాటిందని సంతోషపడొద్దు, ఐదుగురు ఎక్కితే రెండు అంగుళాలు కిందికి దిగుతుంది. పాతూరు సందుల్లో ఉండేవాళ్లు ఎదురుగా ఆటో వస్తే ఏం చేస్తారో కూడా ఆలోచించుకోండి.

7. టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ పోండి

ఒక్కరే పోయి, ఖాళీ బండి, మంచి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తోలి "పికప్ బాగుంది" అనుకోవడం అన్నిటికంటే మామూలు తప్పు. చిన్న ఇంజన్ ఒక్కరితో గుర్రంలా పోతుంది. ఐదుగురు, ఏసీ రెండు మీద, ఎత్తు ఎక్కాలి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

కడప వాళ్లకి గువ్వలచెరువు ఘాట్ ఉంది. షోరూం వాళ్లు అంత దూరం ఇవ్వరు గానీ, అదే బండి ఉన్న బంధువుని పట్టుకుని ఒకసారి పోయి రండి, పాలకోవా తిన్నట్టూ ఉంటుంది. కర్నూలు వాళ్లకి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం దారి. అంత వీలు కాకపోతే ఏ ఫ్లైఓవరో చూసుకుని, సగంలో ఆపి, మళ్లీ ఎత్తు మీదనే కదిలించి చూడండి. రెండో గేర్‌లో కూడా మూలుగుతుంటే ఆ ఇంజన్ మీ ఇంటికి చిన్నది. పెద్ద ఇంజన్ తీసుకుంటే మైలేజీ తగ్గుతుందని భయపడతారు. నిండు బండిని చిన్న ఇంజన్‌తో తొక్కి తొక్కి తోలితే అది కూడా తక్కువేం తాగదు.

తిరిగి వచ్చాక వెనక కూర్చున్నవాళ్లని అడగండి. మీకెలా ఉందన్నది తర్వాత.

8. డబ్బు, కాగితాలు

ఈఎంఐ తక్కువ కనబడాలని ఏడేళ్లు పెట్టొద్దు. ఆరు లక్షలు 9 శాతానికి ఐదేళ్లయితే నెలకి 12,455 చొప్పున మొత్తం 7 లక్షల 47 వేలు కడతారు. ఏడేళ్లయితే నెలకి 9,653, మొత్తం 8 లక్షల 11 వేలు. 64 వేలు ఎక్కువ. గ్యాస్ బండి మీద రెండేళ్ల పైన మిగుల్చుకున్నది ఇక్కడ పోతుంది. ఈఎంఐ పక్కన నెల ఇంధనం, ఇన్సూరెన్స్‌లో పన్నెండో వంతు, సర్వీసింగ్, టైర్లకి కాస్త, అన్నీ కలిపి ఒక్క అంకె చేసి, అది ఇంట్లో ఆవిడకి చూపించండి. ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోతుంది కొనాలో వద్దో.

షోరూం కొటేషన్‌లో హ్యాండ్లింగ్ అనో ఇంకేదో పేరుతోనో వేసినవి తీసేయమనండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని లేదు, బయట రేటు కనుక్కుని చెప్తే వాళ్లే తగ్గిస్తారు.

హైవే ఎక్కువ తిరిగేవాళ్లు టోల్ కూడా లెక్కలో వేయండి. సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న మొదలైంది, అప్పుడు 3,000 రూపాయలు, ఏడాది గానీ 200 ట్రిప్పులు గానీ, ఏది ముందైతే అది. మాకు బెంగళూరు దారిలో మరూరు టోల్, కర్నూలు వైపు పోతే కాసేపల్లి, అమకతాడు. నెలకోసారైనా పోయేవాళ్లకి గిట్టుబాటే, నాలాగా రెండు నెలలకోసారి అయితే మీ దారిలో ఎన్ని టోల్‌గేట్లో చూసి తేల్చుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఒక హెచ్చరిక. బెంగళూరులో బండ్లు చౌకగా కనబడతాయి, మా వైపు చాలామంది తెచ్చుకుంటారు. కర్ణాటక నంబరు బండిని ఇక్కడే పెట్టుకుని తిప్పాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకుని, మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్చుకోవాలి. ఆ ట్యాక్స్ కలిపాక కూడా చౌకేనా అన్నది చూడండి. లోన్ తీరిందా, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించారా, చలాన్లు ఏమన్నా ఉన్నాయా, ఇవన్నీ డబ్బు ఇవ్వకముందే. ఇంకోటి, జీఎస్టీ తగ్గకముందు కొత్త బండి ధర చెప్పి "సగానికే ఇస్తున్నా" అనేవాళ్లుంటారు. ఇవాళ్టి కొత్త ధరతో పోల్చండి.

9. కొన్నాక సరిచూసుకోవడం

మీటరు మీద కనబడే మైలేజీని నమ్మొద్దు, చాలా బండ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఇలా చేయండి. మొదటి సర్వీసింగ్ అయ్యాక ఒక బంకులో గన్ను దానంతటదే ఆగేదాకా ట్యాంక్ నింపించండి. ఆ తర్వాత "ఇంకో యాభైకి కొట్టు" అనొద్దు, లెక్క చెడిపోతుంది. ట్రిప్ మీటరు సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు మామూలుగా తిరగండి, మైలేజీ కోసం మెల్లగా తోలొద్దు. మళ్లీ అదే బంకు, అదే గన్ను, అదే ఆగేదాకా. 412 కిలోమీటర్లకి 27.3 లీటర్లు పట్టిందంటే 15.1. ఒక్కసారి చూసి సంబరపడొద్దు, ఏడవొద్దు. మూడు ట్యాంకులు చేసి సగటు తీయండి.

మీరు మూడో మెట్టులో వేసిన అంకె కంటే ఐదో వంతు దాకా తక్కువ వస్తే ముందు టైర్లలో గాలి చూడండి, డ్రైవర్ డోర్ తెరిస్తే చట్రం మీద స్టిక్కర్‌లో ఎంత ఉండాలో రాసి ఉంటుంది, నిండు బండికి వేరే అంకె ఉంటుంది. తర్వాత క్లచ్ మీద ఎప్పుడూ కాలు పెట్టి ఉంచుతున్నారేమో ఇంట్లోవాళ్లని చూడమనండి. తర్వాత బ్రేకులు పట్టేస్తున్నాయేమో, ఓ పది కిలోమీటర్లు పోయి వచ్చాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తగలకుండా దగ్గరగా మాత్రమే. ఒకటే చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే మెకానిక్‌కి చూపించండి. ఇవేమీ కాకపోతే అప్పుడు సర్వీసింగ్ వాళ్లతో మాట్లాడండి, మూడు ట్యాంకుల బిల్లులు చేతిలో పెట్టుకుని పోతే మీ మాట వింటారు.

మూడు నెలలు గడిచాక మొదటి మెట్టు కాగితం తీసి, మీటరు మీద కిలోమీటర్లని మూడుతో భాగించి పక్కన రాయండి. నాకు 640 వచ్చింది. ఆ బిల్లులూ ఆ కాగితమూ డ్యాష్‌బోర్డు అరలో అలాగే ఉంచండి, అమ్మేటప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న కూడా మైలేజీ గురించే.